చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, నొప్పి మాత్రం లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 41 ఏళ్లు. ఏడాదికి పైగా బ్రష్ చేసుకున్నప్పుడల్లా ఉమ్ములో రక్తం కనిపిస్తోంది. నొప్పి ఏమాత్రం లేదు కదా అని పట్టించుకోలేదు. ఈమధ్య నోటి వాసన వస్తోందని మా అమ్మాయి అనడంతో పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. సన్నటి కడ్డీ ఒకటి ప్రతి పంటి పక్కనా దించుతూ ఏవో అంకెలు చెప్పి రాయించారు. ఎక్స్‌రే తీసి, చివరికి చీటీ మీద ‘పెరియోడాంటైటిస్, స్టేజ్ 3, గ్రేడ్ బి’ అని రాశారు. స్టేజ్ 3 అని చూసేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. నాలుగు విడతలుగా క్లీనింగ్ చేయాలన్నారు. క్లీనింగ్ చేయిస్తే గట్టిగా ఉన్న పళ్లు కూడా కదులుతాయని మా అత్తగారు వద్దంటున్నారు. నాకు షుగర్ ఉంది, మూడు నెలల సగటు 6.8. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండమ్మా, ఇది క్యాన్సర్ కాదు. చిగుళ్ల జబ్బు ఎంత లోతుకి వెళ్లిందో అందరు డాక్టర్లూ ఒకే లెక్కలో చెప్పుకోవడానికి అమెరికా, యూరప్ చిగుళ్ల వైద్య సంఘాలు 2017లో షికాగోలో కూర్చుని ఈ స్టేజీలను ఖాయం చేశాయి, మరుసటి ఏడాది ప్రచురించాయి. మీ డాక్టర్ అంత ఓపిగ్గా ప్రతి పన్నూ కొలిచి రాయించారంటే మీరు సరైన చోటికే వెళ్లారు. చిగుళ్ల జబ్బు ఉందేమో చూడాలంటే అలా కొలవాల్సిందే, నోరు తెరిపించి పైపైన చూస్తే తెలిసేది కాదు.

ఆ కడ్డీని ప్రోబ్ అంటారు. దాని మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. పంటికీ చిగురుకీ మధ్య అందరికీ చిన్న సందు ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అది 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతే. పంటి మీద రోజూ పేరుకునే మెత్తటి పాచి నిండా బాక్టీరియానే. శుభ్రంగా తోముకోకపోతే ఉమ్మిలోని కాల్షియం పట్టి ఆ పాచి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. కింది ముందు పళ్ల వెనకవైపు ఒకసారి నాలుక ఆనించి చూడండి, లాలాజలం వచ్చే నాళాలు అక్కడే తెరుచుకుంటాయి కాబట్టి చాలామందికి గార మొదట తగిలేది అక్కడే. గరుగ్గా రాయిలా తగిలితే అది బ్రష్‌తో పోదు, ఎంత గట్టిగా తోమినా పోదు.

పాచి చిగురు అంచున ఉండిపోతే చిగురు ఎర్రబడి, ఉబ్బి, బ్రష్ తగలగానే రక్తం కారుతుంది. ఇది జింజివైటిస్. అప్పటికి లోపలి ఎముకకి ఇంకా ఏమీ కాలేదు, పూర్తిగా నయం చేసుకోగలిగిన దశ ఇదే. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే డాక్టర్, చిగుళ్లు బాగున్న 12 మందిని పళ్లు తోముకోవడం మానేయమన్నారు. 10 నుంచి 21 రోజుల్లోపు అందరికీ చిగుళ్లు వాచాయి, మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలయ్యాయి. ఉమ్ములో రక్తం కనపడిన మొదటి నెలలోనే రండి అని మేం పదేపదే మొత్తుకునేది ఇందుకే. కానీ నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ రారు. పైగా రక్తం వస్తోందని ఆ వైపు బ్రష్ పెట్టడమే మానేస్తారు, దాంతో పాచి ఇంకా పెరుగుతుంది.

అందరికీ కాదుగానీ కొందరికి ఈ వాపు అక్కడితో ఆగదు. చిగురు పంటిని వదిలేస్తుంది, సందు లోతై సంచిలా తయారవుతుంది, వేరుని పట్టుకుని ఉన్న ఎముక మెల్లగా కరగడం మొదలవుతుంది. మీ చీటీ మీద రాసిన పెరియోడాంటైటిస్ ఇదే, మన పెద్దవాళ్లు పయోరియా అనేది దీన్నే. పంటికి ఉన్న పట్టు 1, 2 మిల్లీమీటర్లు పోతే స్టేజ్ 1. 3, 4 మిల్లీమీటర్లు పోయి, ఎముక వేరు పొడవులో మూడో వంతు దాకా కరిగితే స్టేజ్ 2. 5 మిల్లీమీటర్లు, ఆపైన పోయి, ఎముక ఆ మూడో వంతు దాటి వేరు మధ్య భాగానికో ఇంకా కిందికో దిగిపోతే స్టేజ్ 3, మీరున్నది ఇక్కడ. ఈ జబ్బు వల్లే ఐదు, అంతకంటే ఎక్కువ పళ్లు ఊడిపోయి, మిగిలినవి పక్కలకి జరిగి నమలడమే కష్టమైతే దాన్ని స్టేజ్ 4 అంటాం. గ్రేడ్ అనేది జబ్బు ఎంత వేగంగా ముదురుతోందో చెప్తుంది: ఎ నెమ్మది, బి మధ్యస్థం, సి వేగం. షుగర్ ఉన్నవాళ్లకి ఆ మూడు నెలల సగటు 7 లోపుంటే బి, 7కి చేరితే సి. మీది 6.8 కాబట్టి గీతకి ఇవతలే ఉన్నారు, దాన్ని దాటనివ్వకండి.

మీకు ఉన్నమాటే చెప్తాను. కరిగిన ఎముక తనంతట తాను తిరిగి రాదు, వైద్యం చేయించుకున్నాక కూడా మీ రికార్డులో స్టేజ్ 3 అనే ఉంటుంది. అలాగని పళ్లు పోయినట్టు కాదు. వాపు తగ్గి, రక్తం ఆగి, సంచుల లోతు తగ్గితే జబ్బు అక్కడితో ఆగుతుంది, ఉన్న ఎముకతోనే ఆ పళ్లు ఏళ్ల తరబడి పనిచేస్తాయి.

ఇక అత్తగారి మాట. ఆవిడ చూసింది అబద్ధం కాదు, క్లీనింగ్ తర్వాత పళ్లు కదిలినట్టు, సందులు పెరిగినట్టు అనిపించినవాళ్లు ఉన్నారు. కానీ కారణం క్లీనింగ్ కాదు. చెట్టు మొదట్లో మట్టి కొట్టుకుపోతే చెట్టు ఊగినట్టు, ఎముక కరిగిన పన్ను ఎప్పటినుంచో కదులుతూనే ఉంది, చుట్టూ కట్టిన గార దాన్ని పైకి తెలియనివ్వలేదు. గార తీస్తే అసలు సందు బయటపడుతుంది, వాచిన చిగురు తగ్గి కిందికి దిగడంతో పళ్లు పొడుగ్గా కనిపిస్తాయి, కొన్నాళ్లు చల్లటి నీళ్లు జివ్వుమంటాయి. ఇవన్నీ ముందే చెప్పి మొదలుపెడితే ఎవరూ భయపడరు. దయచేసి ఆవిడని కూడా ఒకసారి చిగుళ్లు చూపించుకోమనండి.

మీకు చెప్పిన నాలుగు విడతలంటే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిగురు లోపల, వేరు మీద ఉన్న గారని కొంచెం కొంచెంగా తీయడం. రెండు మూడు నెలలయ్యాక మళ్లీ ప్రోబ్‌తో కొలుస్తారు, అప్పటికీ లోతుగా మిగిలిన చోట చిగురుని కొద్దిగా తెరిచి లోపల శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ అవసరం కావచ్చు. ఆ తర్వాత మూడు నెలలకోసారి చూపించుకోవడం మానకండి, ఒక్కసారి చేయించుకుని వదిలేసినవాళ్లకే జబ్బు ఎక్కువగా తిరగబెడుతుంది. షుగర్ మాత్రలు, రక్తం పలచన చేసే మాత్రలు ఏవి వాడుతున్నా ముందే చెప్పండి, మీ అంతట మీరు వేటినీ ఆపొద్దు. చిగుళ్లు బాగుపడితే షుగర్ సగటు కూడా 0.4 వరకూ తగ్గడం పరిశోధనల్లో కనపడింది. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే మీకు దగ్గర్లో విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, హైదరాబాద్‌లో, కడపలో కూడా ఉన్నాయి, అక్కడ చిగుళ్లకి ప్రత్యేక విభాగమే ఉంటుంది.

ఇంట్లో మాత్రం మెత్తటి బ్రష్ వాడండి. పోచలు చిగురు అంచుకి ఏటవాలుగా ఆనించి, చిన్నచిన్నగా కదుపుతూ రెండు నిమిషాలు, పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి. రాత్రిది మానొద్దు. మీ పళ్ల మధ్య ఇప్పుడు సందులున్నాయి కాబట్టి వాటిలో దూరే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ ఏ సైజుదో డాక్టర్‌నే అడిగి తీసుకోండి. వేప పుల్లతో తోముకుంటే తప్పులేదు గానీ పళ్ల మధ్యకి అది చేరదు. బొగ్గు, ఇటుక పొడి, గరుకు ఉప్పు వేసి రుద్దడం మాత్రం నాకు అస్సలు ఇష్టం లేదు, పన్ను అరిగి చిగురు ఇంకా దిగుతుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాస్తే చెప్పినన్ని రోజులే వాడండి, అలవాటుగా పుక్కిలిస్తుంటే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి.

ప్రశ్న: నాకు 36. రోజుకి పదిహేను సిగరెట్ల దాకా తాగుతాను. చిగుళ్లలో ఎప్పుడూ రక్తం రాలేదు. కానీ పై ముందు పళ్ల మధ్య ఇదివరకు లేని సందు వచ్చింది, ఏటేటా పెరుగుతోంది. క్లిప్పులు పెట్టించుకోవాలా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: క్లిప్పుల మాట తర్వాత, ముందు చిగుళ్లు కొలిపించుకోండి. పొగతాగేవాళ్లలో నికోటిన్ వల్ల చిగుళ్లకి రక్తం సరిగ్గా అందదు, లోపల ఎముక కరుగుతున్నా పైకి రక్తం రాదు, చిగురు గట్టిగా, లేత రంగులో, బాగున్నట్టే కనిపిస్తుంది. రక్తం వచ్చినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు భయపడి వస్తారు, మీకు ఆ హెచ్చరిక కూడా లేదు. ఈ వయసులో పళ్లు విచ్చుకుంటున్నాయంటే ఎముక తగ్గిందేమోనని నా గట్టి అనుమానం, ఎక్స్‌రే తీస్తే తేలిపోతుంది. జబ్బు ఉందని తేలితే, రోజుకి 10, అంతకంటే ఎక్కువ సిగరెట్లు తాగేవాళ్లకి గ్రేడ్ సి వేస్తాం. అదీ కాక, పొగ మానకపోతే మేం ఎంత బాగా శుభ్రం చేసినా చిగురు సగమే కోలుకుంటుంది. జబ్బు చల్లబడకుండా క్లిప్పులు బిగిస్తే ఉన్న ఎముక కూడా పోతుంది, కాబట్టి ముందు చిగుళ్ల వైద్యం, ఆ తర్వాతే పళ్లు సరిచేయడం. ఖైనీ కూడా పెడుతుంటే, పెట్టే చోట తెల్లటి మచ్చ ఉందేమో అద్దంలో చూసుకోండి. ఉంటే ఈ వారంలోనే చూపించండి.

ప్రశ్న: ఇప్పుడు నాకు ఐదో నెల. చిగుళ్లు బాగా ఉబ్బాయి, రెండు పళ్ల మధ్య ఎర్రగా చిన్న గడ్డలా వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు పళ్లకి ఏమీ చేయించకూడదంటున్నారు. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చేయించుకోవచ్చమ్మా, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య క్లీనింగ్‌కి అనువైన సమయం, మీరు సరిగ్గా అందులోనే ఉన్నారు. ఈ సమయంలో హార్మోన్ల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్లు ఎక్కువగా వాస్తాయి. ఆ గడ్డ కూడా ఎక్కువ భాగం ఈ కారణంగానే వస్తుంది, కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. అయినా అదేనో కాదో డాక్టర్ కళ్లతో చూసి చెప్పాలి, పదేపదే రక్తం కారుతుంటే అసలు ఆగొద్దు. ఐదో నెల అని, వాడుతున్న మందులేమిటని ముందే చెప్పండి. ఇంకా వాంతులవుతుంటే వెంటనే బ్రష్ చేయకండి, కడుపులోంచి వచ్చిన యాసిడ్‌కి పంటి పైపొర మెత్తబడి ఉంటుంది. నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగి తోముకోండి.