కాల్విసానో: రెండేళ్ల ఖాళీకి కారణం

2008లో ఇటలీ రగ్బీ విజేత అయిన కాల్విసానో, ఆ తర్వాత రెండేళ్లు పై డివిజన్ పట్టికల్లో కనబడకుండా 2012లో మళ్లీ విజేత ఎలా అయిందని, రెండూ వేర్వేరు జట్లా అని అడిగారు. కాదండీ, జట్టు ఒకటే. ఓడిపోయి కింది డివిజన్‌కు పడిపోయిందేమోనని మీరు ఓటముల లెక్కల్లో వెతికారు కాబట్టి కారణం దొరకలేదు. 2009లో డబ్బు సరిపోక క్లబ్బే తనంతట తాను కింది డివిజన్‌కు దిగింది. బ్రెషా జిల్లాలోని చిన్న ఊరు, అంత ఖర్చు ఎంతకాలమని మోస్తుంది? 2011లో తిరిగొచ్చి మరుసటి ఏడాదే టైటిల్ గెలిచింది. 2001 నుంచి 2004 దాకా వరుసగా నాలుగు ఫైనళ్లు ఓడి, 2005లో తొలి టైటిల్ అందుకున్న జట్టుకు ఇదేమంత కష్టం కాదులెండి! 2009-10, 2010-11 ఫలితాలకు రెండో అంచె అయిన సెరియె ఆ పట్టికలు చూడండి. పై డివిజన్ పేరు కూడా 2010లో సూపర్ 10 నుంచి ఎచ్చెల్లెంజాగా మారింది, వెతికేటప్పుడు అది గమనించండి.