బైపాస్‌కి 2 వారాల ముందే

చిరంజీవి బుజ్జికి, పిన్ని ఆశీస్సులు.

నాన్నగారి గుండె బైపాస్ ఆపరేషన్‌కి ఇంకా 2 వారాలుందన్నావు. ఇవాళే మూడు బంతుల స్పైరోమీటర్, అదే ఊపిరి కసరత్తు చేయించే ప్లాస్టిక్ పరికరం, కొను. చాలామంది ఊదేస్తారు. ఊదడం కాదు, పీల్చాలి. నెమ్మదిగా పీల్చి, బంతుల్ని రెండు మూడు సెకన్లు పైనే నిలపాలి. పూటకి 10 సార్లు. ఆపరేషనయ్యాక నొప్పికి భయపడి పైపైనే ఊపిరి తీస్తారు. అప్పుడు ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోతుంది, కఫం పేరుకుంటుంది, న్యుమోనియా పట్టుకుంటుంది. సిగరెట్లు మాత్రం ఇవాళ్టి నుంచే మానిపించు.

మందులన్నీ ఒక సంచిలో వేసి సర్జన్‌కీ, మత్తు డాక్టర్‌కీ చూపించు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రల్లో క్లోపిడోగ్రెల్ మామూలుగా 5 రోజుల ముందు ఆపిస్తారు, ఆస్పిరిన్ చాలావరకు ఆపరు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వేసుకుంటుంటే నోరు విప్పి చెప్పు. 3 రోజుల ముందే ఆపకపోతే మీటర్లో షుగర్ బాగానే కనిపిస్తూ లోపల కీటోన్లనే ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగొచ్చు. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. రక్తం తక్కువుంటే ఏం చెయ్యాలో ఇప్పుడే అడగాలి, ముందురోజు కాదు.

ఐసీయూలోకి కళ్లజోడు, చెవి మిషను పంపు. అవి లేకపోతే పెద్దవాళ్లకి పగలూ రాత్రీ తెలియక తికమక ఎక్కువవుతుంది. ఏదేదో మాట్లాడితే నర్సుకి చెప్పు, నువ్వు ఏడవకు.

ఇంటికొచ్చాక అసలు జాగ్రత్త రొమ్ము ఎముకది. ఆపరేషన్లో కోసి, మళ్లీ తీగలతో కట్టిన ఆ ఎముక అతకడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మంచం దిగేటప్పుడు దిండు గుండెకి హత్తుకుని, పక్కకి ఒరిగి, కాళ్లు కిందికి జార్చి, ఆ ఊపులో లేవాలి. చేతులు నేలకి ఆనించి లేవడం కూడదు, కాబట్టి చాప మీద పడకా, గొంతుకూర్చునే దొడ్డీ వద్దు. లేపేవాళ్లు చంకల్లో చేతులేసి లాగుతారు చూడు, అదే కొంప ముంచుతుంది. దగ్గొస్తే అదే దిండు గట్టిగా అదమాలి. 4, 5 కిలోలు దాటిన బరువేదీ ఎత్తకూడదు, మనవడినీ అంతే. నొప్పి మాత్ర వేళకి వెయ్యి. ఓర్చుకుంటానని బావగారు బింకంగా కూర్చుంటే దగ్గరు, నడవరు.

నడక 5 నిమిషాలతో మొదలుపెట్టి రోజూ కాస్త పెంచు. ఉప్పు తగ్గాలి కాబట్టి ఆవకాయ జాడీ అటకెక్కించు. జ్వరం 100.4 దాటినా, గాయం నుంచి చీము కారినా, దగ్గినప్పుడు రొమ్ములో టక్‌మన్నా ఆ పూటే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి.

పొద్దున్నే కాఫీకి ముందు బరువు చూడు. ఒక్కరోజులో కిలోకి మించి పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే. డిశ్చార్జి రోజు బరువు కాగితం మీద రాయించుకో, అది లేకపోతే దేంతో పోల్చుకుంటావు?

మీ పిన్ని