సీల్ కిట్ మార్చినా గేర్ ఆయిల్ మల్ల తెల్లగ ఎందుకు అయితది?

అన్నా, మీరు అడిగింది ఇదీ: కృష్ణ మీద సోమశిల కాడ పడవకు 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (పడవ వెనక తగిలించే మోటర్) వాడుతున్నరు. కింది గేర్ కేస్ ఆయిల్ మజ్జిగ లెక్క అయింది, అంటే ఆయిల్‌ల నీళ్లు కలుస్తున్నయి. సీల్ కిట్ (షాఫ్టుల చుట్టు నీళ్లు ఆపే రబ్బరు రింగులు) మొత్తం కొత్తది వేయించిన్రు, పది దినాలకు మల్ల అదే కథ.

ఇంకో కిట్ అప్పుడే కొనకండి. కొత్త సీలు పది దినాలల్ల పోయిందంటే తప్పు సీలుది కాకపోవచ్చు. అది కూసునే షాఫ్టుదో, దాన్ని ఎక్కించిన తీరుదో అయి ఉంటది. లేకుంటే నీళ్లు వచ్చే తొవ్వ వేరే ఉన్నట్టు.

ముందు ఆయిల్ ఏం చెప్తున్నదో చూడండి. మోటర్‌ను రాత్రంతా నిలువుగ ఉంచి, తెల్లారి కదపకుండ కింది ప్లగ్గు జర వదులు చేసి మొదటి చుక్కలు గాజు గ్లాసుల పట్టాలె. నీళ్లు ఆయిల్ కంటె బరువు, అడుగుకు దిగుతయి. ముందు తేటనీళ్లు, వెనక మంచి ఆయిల్ వస్తే, మోటర్ ఆగినంక నీళ్లు పోయినయి, గేర్లు ఇంకా చిలకలేదు. మొత్తం పాలచాయ్ రంగుల నురుగుతోని వస్తే నీళ్లతోనే నడిపినట్టు. ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దానికి అంటిన మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలే. గోటికి గరుకుగ తగిలే ఇనుప పెచ్చులు వస్తే మాత్రం గేరు పళ్లో బేరింగో పోతున్నది, అప్పుడు మొత్తం విప్పుడే.

ప్రొపెల్లర్ బొడ్డు నుంచి నల్లగ జిడ్డు కారుతున్నదని చాలామంది భయపడతరు. టూ స్ట్రోక్‌ల పొగ బయటికి పోయే దారి అదే, కాలకుండ మిగిలిన ఆయిల్ కారుతది. గేర్ ఆయిల్‌కు గంధకం లాంటి ఘాటు వాసన ఉంటది. వేలికి రాసి వాసన చూస్తే తేడా తెలిసిపోతది.

నీళ్లు ఎక్కువగ పోయేది నడిచేటప్పుడు కాదు, ఆగినంక. నడుస్తుంటే లోపట వేడెక్కి ఒత్తిడి పెరుగుతది, సందు ఉంటే ఆయిల్ బయటికి వస్తది. నీళ్లల్లనే ఆపి పెడితే చల్లారుకుంట లోపటికి గుంజుతది, అదే సందు నుంచి నీళ్లు పోతయి. పని అయిపోంగనే మోటర్‌ను పైకి లేపి పెట్టాలె అనేది అందుకే.

ఇగ వెతుకుడు. స్పార్క్ ప్లగ్గు వైర్లు పీకి, ప్రొపెల్లర్ తియ్యండి. వెనక ఉన్న మందపాటి వాషర్ కూడ జరిపి, షాఫ్టు చుట్టు టార్చి కొట్టి చూడండి. వల దారం, గాలం తీగ అక్కడనే చుట్టుకుంటది. తిరిగి తిరిగి వేడికి కరిగి గట్టి రింగు లెక్క అయి సీలు పెదవిని కోస్తది. కండ్లకు కనవడకపోవచ్చు, సన్నటి వంపు తీగతోని గీకి చూడాలె. వలల నడుమ తిరిగే పడవకు ముందు అనుమానపడాల్సింది దీన్నే, నెలకొకసారన్నా చూడాలె.

తర్వాత గాలి పరీక్ష. ఆయిల్ మొత్తం దింపి, కింది ప్లగ్గు కొత్త వాషర్‌తోని బిగించండి. పాత ప్లగ్గు ఒకటి తీసుకొని నడుమ బొక్క కొట్టించి, సైకిల్ ట్యూబు వాల్వు బ్రేజింగ్ చేయిస్తే మీ పనిముట్టు తయారు. దాన్ని పై బొక్కల బిగించి, గేజి ఉన్న చేతిపంపుతోని 10 నుంచి 12 పీఎస్ఐ ఎక్కించాలె. 15 దాటనీయొద్దు, పంచర్ షాపు కంప్రెసర్ అసలే వద్దు, మంచి సీళ్లు కూడ లేచిపోతయి. అయిదు నిమిషాలు ముల్లు కదలొద్దు. ఆ ఒత్తిడిలనే ప్రొపెల్లర్ షాఫ్టును చేతితోని మెల్లగ తిప్పండి, గేరు ముందుకు, వెనకకు మార్చండి. ముల్లు దిగుతుంటే సర్ఫు నీళ్లు కొట్టి బుడగలు ఎక్కడ లేస్తున్నయో చూడాలె. షాఫ్టు చుట్టు లేస్తే సీళ్లు, బేరింగ్ క్యారియర్ (ప్రొపెల్లర్ షాఫ్టు బేరింగును పట్టి ఉంచే ముక్క) అంచున లేస్తే పెద్ద ఓరింగు (గుండ్రటి రబ్బరు రింగు), ప్లగ్గు కాడ లేస్తే వాషరు. నీళ్లు గుంజే జల్లెడ దిక్కు నుంచో పై నుంచో వస్తే కింది యూనిట్ దింపి, వాటర్ పంపు తీసి, నిలువు షాఫ్టు సీళ్లు, గేరు కడ్డీ సీలు చూడాలె. పంపు ఇంపెల్లర్ (నీళ్లు నెట్టే రబ్బరు రెక్కల చక్రం) ఉండంగ నిలువు షాఫ్టును అది తిరిగే దిక్కుకే తిప్పండి. ఉల్టా తిప్పితే రెక్కలు మలిగి విరుగుతయి.

చానామంది ఇక్కడనే ఆపేస్తరు. సీలు పెదవి ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కు ఒత్తిడినే గట్టిగ ఆపుతది. గాలి ఎక్కిస్తే ఆయిల్ దిక్కు పెదవి సంగతి తెలుస్తది, నీళ్ల దిక్కు పెదవి సంగతి తెలవదు. అందుకే లోపటి గాలి గుంజి వాక్యూమ్ కూడ పెట్టాలె: గేజి మీద ముందు 3 నుంచి 5 ఇంచులు (పాదరసం కొలత), నిలిస్తే 15 ఇంచులు. చేతి వాక్యూమ్ పంపు లేకుంటే ఫ్రిజ్ మెకానిక్ కాడ దొరుకుతది, గానీ వాల్వుతోని తగ్గించి వాడాలె. గాలికి నిలిచి వాక్యూమ్‌కు పడిపోతే, బయటి సీలు ఉల్టా ఎక్కించిన్రా అని చూడండి. కొన్ని మోటర్లల్ల రెండు సీళ్లు వీపులు కలిపి ఉంటయి, కొన్నిట్ల రెండూ బయటికే చూస్తయి. పాతవి తీసేముందే ఫోన్‌ల ఫోటో కొట్టుకోవాలె.

మీ కేసుల నాకు ఎక్కువ అనుమానం షాఫ్టు మీదనే. పాత సీలు కూసున్న చోట గోరు పెట్టి అడ్డంగ గీకండి. గోరు ఆగితే గాడి పడ్డట్టు, ఎన్ని కొత్త సీళ్లు వేసినా నిలవయి. ఎమరీ పేపరు కొడితే గాడి పోదు. సీలు కూసునే చోట జాగ ఉంటే ఒకటి, రెండు మిల్లీమీటర్లు సీలును జరిపి ఎక్కించొచ్చు, లేకుంటే సన్నటి స్టీలు తొడుగు, అదీ కాకుంటే షాఫ్టు మార్చుడే. ఇంకొకటి వంకర. ఎండకాలం నీళ్లు దిగి సంగమేశ్వరం గుడి బయటపడే రోజులల్ల బండలు పైకి వస్తయి, ప్రొపెల్లర్ ఒక్కసారి గట్టిగ తగిలినా షాఫ్టు వంగొచ్చు. షాఫ్టు కొనకు దగ్గరగ పుల్ల కట్టి తిప్పండి. నడుమ సందు పెరుగుకుంట తగ్గుకుంట కంటికే కనవడితే అది వంకర, ఏ సీలూ దాని మీద బతకదు.

కొత్త సీలు ఎక్కించేటప్పుడు షాఫ్టు పళ్ల మీద, మరల మీద టేపు చుట్టి, పెదవికి గ్రీసు రాయాలె. సీలు బయటి అంచంత కైవారం ఉన్న పైపు ముక్కతోనే నెట్టాలె. నేరుగ సుత్తితోని కొడితే అంచు వంగుతది.

ఆయిల్ కింది నుంచే నింపాలె. పై బొక్క నుంచి బుడగలు ఆగి ఆయిల్ పొంగినంక ముందు పై ప్లగ్గు, తర్వాత కింది ప్లగ్గు. పై నుంచి పోస్తే గాలి ఆగిపోతది, తర్వాత మట్టం దిగితే లీకు అని మల్ల విప్పుతరు. రెండు వాషర్లు ప్రతిసారి కొత్తవే, అయితే గియితే కొన్ని రూపాయలు. మీ అంత మోటర్‌కు పావు లీటరు చుట్టూ పడుతది, రకం మాన్యువల్ల ఉన్నదే పొయ్యండి. లోపటి పాత మజ్జిగ మూలలల్ల అంటి ఉంటది గనుక మొదటి ఆయిల్ అరగంట నడిపి దింపెయ్యాలె. లేకుంటే లీకు పోయినా రంగు తెల్లగనే ఉంటది, పని చెడిందనుకుంటరు. దింపిన ఆయిల్ క్యానుల పట్టండి, ఒడ్డున పొయ్యకండి. ఈ నీళ్లే కిందికి సాగర్‌కు పోయి, అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగ హైదరాబాద్ నల్లాలకు పోతయి.

పది గంటలు నడిచినంక మల్ల గ్లాసు పరీక్ష చెయ్యండి. గాలికీ వాక్యూమ్‌కూ నిలిచి, మల్ల నీళ్లు వస్తే కేసుకే వెంట్రుకంత పగులు ఉండొచ్చు, ముఖ్యంగ ప్రొపెల్లర్ కిందికి దిగే అడుగు రెక్క మొదట్ల. చల్లగ ఉన్నప్పుడు అది మూసుకుంటది. మరిగిన నీళ్లు పోసి కేసును వేడిచేసి, అదే 10 పీఎస్ఐ పెట్టి చూడండి.