డిప్లొమా ఉన్నా రిఫైనరీ నుంచి పిలుపు రాకపోతే

మెకానికల్ డిప్లొమా చేసి, విశాఖ మల్కాపురంలోని హెచ్‌పీసీఎల్ (హిందుస్థాన్ పెట్రోలియం) రిఫైనరీ గేటు దగ్గర మూడుసార్లు రెజ్యూమె ఇచ్చినా ఫోన్ రాలేదని మీరన్నారు. తప్పు రెజ్యూమెలో లేదు. హెచ్‌పీసీఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు గేటు దగ్గర కాగితాలు తీసుకుని ఉద్యోగాలివ్వవు. మెకానికల్ డిప్లొమాకి ముందు దొరికే దారి అప్రెంటిస్‌షిప్, అంటే సంస్థలోనే పని నేర్చుకునే శిక్షణ.

1. కేంద్ర ప్రభుత్వ నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో నమోదు చేసుకోండి. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ పదో తరగతి మెమోలోనూ ఒకేలా ఉండాలి.

2. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాగానే అప్లై చేసేశామనుకుంటారు. కాదు, అది మీ గుర్తింపు మాత్రమే. నోటిఫికేషన్ పడ్డాక మళ్లీ లాగిన్ అయి, ఆ సంస్థను వెతికి, దానికి విడిగా అప్లై కొట్టాలి. సంస్థ తన సొంత సైట్‌లోనూ ఫారం నింపమంటే అదీ నింపాలి. నంబరు చూసుకుని మురిసిపోయి నేనూ ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

3. శిక్షణ ఒక ఏడాది. ఆ తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. కానీ ఆ సర్టిఫికెట్ ఉంటే షట్‌డౌన్ పనుల (రిఫైనరీ యూనిట్ ఆపి చేసే మరమ్మతుల) కాంట్రాక్టర్లు కనీసం కూర్చోబెట్టి మాట్లాడతారు.

పాసై ఎన్నేళ్లయిందో కూడా నోటిఫికేషన్‌లో చూసుకోండి, ఆ గడువు దాటితే తీసుకోరు. రిఫైనరీకి దగ్గర్లోని సింధియా జంక్షన్‌లో ఎవరైనా గేట్ పాస్ ఇప్పిస్తానని డబ్బడిగితే రూపాయి కూడా ఇవ్వకండి.