గుండు తర్వాత అక్కడక్కడా జుట్టు మొలవకపోతే

తిరుమల కొండ మీద గుండు చేయించుకున్నాక తల వెనక, చెవుల పైన అక్కడక్కడా జుట్టు మొలవట్లేదు, అరచేతుల్లో దురద లేని ఎర్రమచ్చలు వచ్చాయి, ఇదంతా కత్తి వల్లేనా అని అడిగారు. పాపం కత్తిని అనకండన్నా. పురుగు కొట్టిన బట్టలా జుట్టు ఊడటం, దానికి తోడు ఆ మచ్చలంటే సిఫిలిస్ అనే సుఖవ్యాధి రెండో దశేమో చూడాలి. పేనుకొరుకుడని నూనెలు పూయడం ఆపి, తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల ఓపీకి వెళ్లండి. అక్కడి డాక్టర్లకు ఇవి కొత్త కాదు, సిగ్గెందుకు? సిఫిలిస్‌ను కనిపెట్టే వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ రక్తపరీక్షలు, వాటితో పాటే హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోండి. సిఫిలిస్ అని తేలితే ఈ దశలో మామూలుగా బెంజథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్కసారి ఇస్తారు. పెన్సిలిన్ పడదనుకుంటే ముందే చెప్పండి. పెళ్లయి ఉంటే భార్యకూ పరీక్ష తప్పదు, చెప్పడం కష్టమే. జుట్టు గురించి టెన్షన్ వద్దు, మందు పడ్డాక కొన్ని నెలల్లో మామూలుగా తిరిగి మొలుస్తుంది.