మీ ప్రశ్నకు మాస్టారి జవాబు: బడి, ఊరు, పట్టుదల

ఈ నెల కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి జవాబులు ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: సార్, మా బడి ఉన్న ఊళ్లో దీపావళి దాటితే సగం ఇళ్లకు తాళాలు పడతాయి. మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి (కోతల కాలం కూలిపనికి వలస) పోతారు, పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. ఉగాదికి తిరిగొచ్చిన పిల్లలు తోటివాళ్ల ముందు సిగ్గుపడి బడి మానేస్తున్నారు. వాళ్లను ఎలా నిలబెట్టాలి?
– ఒక ఉపాధ్యాయిని, ఆదోని ప్రాంతం

జవాబు: అమ్మా, పిల్లలు తిరిగొచ్చాక చేసే పనికంటే వాళ్లు బండి ఎక్కకముందు చేసే పనికే ఫలితం ఎక్కువ. అక్టోబరు మొదట్లోనే ఇంటింటికీ పోయి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఎవరు పోతున్నారు, ఏ మేస్త్రి ముఠాలో పోతున్నారు, ఏ మండలం, ఏ ఊరు, ఇంట్లో అవ్వాతాతలు ఉండిపోతారా అన్నవి అందులో ఉండాలి. మేస్త్రి ఫోను నంబరు తప్పకుండా తీసుకోండి. తల్లిదండ్రుల ఫోనుకు రీచార్జి ఉండకపోవచ్చు గానీ, పని కుదిర్చే మేస్త్రి ఫోను ఎప్పుడూ పలుకుతుంది.

అవ్వాతాతలు ఉన్న పిల్లల్ని ఊళ్లోనే ఉంచేలా ముందుగా మాట్లాడండి. ఎవరూ లేని వాళ్లకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద సీజనల్ హాస్టల్ (వలస నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండే వసతి) అడగాలి. ఇక్కడే చాలా బళ్లు దెబ్బతింటాయి. పిల్లల పేర్లతో జాబితా ఆలస్యంగా పోతే హాస్టల్ తెరిచేనాటికి ఊరు ఖాళీ అయిపోయి ఉంటుంది. అందుకే అక్టోబరు జాబితా అంత ముఖ్యం.

పోక తప్పని పిల్లలకు టీసీ చేతికిచ్చి పేరు కొట్టేయకండి. పేరు మీ రిజిస్టరులోనే ఉంచి, బడి ముద్రతో ఒక కాగితం ఇవ్వండి. పేరు, తరగతి, పుట్టిన తేదీ, చైల్డ్ ఐడీ, చదవడంలో ఎక్కడున్నాడు, లెక్కల్లో ఎక్కడున్నాడు అన్నవి రాస్తే చాలు. ఆ కాగితంతో అక్కడి బడిలో కూర్చోవచ్చు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని టీసీ లేదని వెనక్కి పంపకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. మేస్త్రికి ఈ సంగతి చెప్పి ఉంచితే పిల్లల్ని బడిదాకా తీసుకుపోయేది చాలాసార్లు ఆయనే.

తిరిగొచ్చిన మొదటి వారం పరీక్ష పెట్టొద్దు. తరగతి అందరి ముందు "ఇన్నాళ్లు యాడికి పోయినావు?" అని అడగొద్దు. పోయిన నెలల నోట్సు కాపీ చేయమని అసలే చెప్పొద్దు. అందరూ చేసే తప్పు ఇదే. చెయ్యి నొప్పి పుడుతుంది తప్ప ఒక్క ముక్క ఎక్కదు, నాలుగో రోజుకు పిల్ల బడికి రాదు. దానికి బదులు ప్రతి సబ్జెక్టులో పై తరగతికి పునాదిగా ఉండే రెండు మూడు పాఠాలే ఎంచుకోండి. నాలుగు వారాలు, రోజుకు 45 నిమిషాలు కేటాయించండి. అందులో 20 నిమిషాలు గట్టిగా చదివించడం, 25 నిమిషాలు లెక్కలు. ఆ పిల్లలకు చేలో నేర్చుకున్న లెక్క ఉంది. కిలోకు ఇంత కూలి, రోజుకు ఇన్ని కిలోలు, మేస్త్రి పట్టుకున్న అడ్వాన్సు పోను చేతికెంత అన్నది వాళ్లకు నోటికే వస్తుంది. దశాంశాలు, శాతాలు అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఆ పాఠంలో మిగతా తరగతికంటే వాళ్లే ముందుంటారు, బడి మానాలన్న సిగ్గు అక్కడ తగ్గుతుంది.

తొమ్మిది, పది తరగతుల వాళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. పదో తరగతి నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేటప్పుడు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిచూడటానికి పిల్లలు ఊళ్లో ఉండరు. ఆధార్ నకలు, సంతకం ముందే తీసిపెట్టుకోండి.

ప్రశ్న: మావాడు పదో తరగతి. లెక్కల్లో నూటికి 20 దాటడం లేదు. ట్యూషన్ పెట్టించినాం. "నాకు లెక్కలు రావమ్మా" అంటాడు. పట్టుదల లేదని వాళ్ల నాయన తిడుతున్నాడు.
– ఒక తల్లి, గుంతకల్లు

జవాబు: అమ్మా, పట్టుదల లేదనే మాట ముందు ఇంట్లో మానేయండి. రోజూ ట్యూషన్‌కు పోయి, రోజూ తప్పులే రాసి, మర్నాడు మళ్లీ పోతున్నాడంటే వాడికి ఓర్పు తక్కువేం కాదు. పట్టు ఎక్కడ జారిందో ఎవరూ చూడలేదు. పదో తరగతిలో లెక్కలు తప్పేవాళ్లలో చాలామందికి అసలు చిక్కు ఐదు, ఏడు తరగతుల మధ్యలో ఉంటుంది.

ఒక కాగితం మీద 20 లెక్కలు ఇవ్వండి: ఎక్కాలు 5, తీసివేత, భాగహారం 5, భిన్నాలు 4, రుణసంఖ్యలు 3, చిన్న సమీకరణాలు 3. సమయం అరగంట. మార్కులు వేయకుండా తప్పు ఏ రకమో చూడండి, లేదా వాళ్ల సార్‌ని చూడమనండి. −3 − 5 = 8 అని రాస్తే, "మైనస్ మైనస్ ప్లస్" అనే గుణకారం సూత్రాన్ని కూడికలో వాడుతున్నాడు. 1/2 + 1/3 = 2/5 అని రాస్తే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడుతున్నాడు, భిన్నం అంతా కలిసి ఒకే సంఖ్య అన్నది ఎక్కలేదు. రెండు సంఖ్యల మొత్తానికి వర్గం చేయమంటే విడివిడిగా వర్గాలు చేసి కూడేవాళ్లూ ఉంటారు. వాళ్లకు సూత్రం మళ్లీ చెప్పినా లాభం లేదు. 3, 4 వేసి చూడమనండి. 7 వర్గం 49, వాడి పద్ధతిలో 9 + 16 = 25. తేడా తన చేత్తో తేలితేనే ఆ తప్పు వదులుతుంది.

ఇక 100 పేజీల నోటుపుస్తకం ఒకటి తప్పుల కోసమే పెట్టండి. ఎడమ పేజీలో తప్పు పోయిన లెక్క, వాడు చేసింది చేసినట్టే ఉండాలి. దాని కింద ఎందుకు తప్పిందో వాడి మాటల్లో ఒక్క వాక్యం. కుడి పేజీ ఖాళీ. మర్నాడు, 3వ రోజు, 7వ రోజు, 15వ రోజు సంఖ్యలు మార్చి అదే రకం లెక్క కుడి పేజీలో చేయాలి. 7, 15 రోజుల్లో రెండూ సరిగా వస్తే ఆ పేజీ కొట్టేయొచ్చు. 7వ రోజు తప్పితే మళ్లీ మొదటి నుంచే. రోజుకు మూడు తప్పులకు మించి ఎక్కించొద్దు. మూడైతేనే పాతవీ కలిసి రోజుకు 12 లెక్కలు అవుతాయి, అంతకు మించితే వారంలో పుస్తకం మూలన పడుతుంది. కొట్టేసిన పేజీలు పెరగడం వాడి కళ్లకు కనబడాలి. నాయన తిట్టే బదులు వారానికోసారి ఆ పేజీలు చూస్తే చాలు.

ట్యూషన్లలో ఒకే రకం లెక్కలు 30 వరసగా చేయిస్తారు. మూడో లెక్క దాటాక చెయ్యి నడుస్తుంది గానీ బుర్ర నడవదు. పరీక్షలో ఏ లెక్కకు ఏ పద్ధతో తానే తేల్చుకోవాలి, ఆ పని ఒక్కనాడూ చేసి ఉండడు. రకాలు కలిపి చేయించమని అడగండి.

పేపరు సంగతి కూడా తెలిసి ఉండాలి. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఒకటి, రెండు మార్కుల ప్రశ్నలే 28 మార్కులు. పాసు మార్కు 35 కోసం 35కే చదివితే తప్పుతారు. 60 మార్కులకు సరిపడా చదవాలి. గ్రాఫు లెక్క వస్తే మార్కులు పోయేది గీతలో కాదు. స్కేలు రాయకపోవడం, అక్షాలకు పేర్లు పెట్టకపోవడం, రెండే బిందువులు తీసుకోవడం వల్ల పోతాయి. మూడు తీసుకుంటే, ఒకటి తప్పయినప్పుడు గీత మీద పడక అప్పుడే దొరికిపోతుంది.

ప్రశ్న: "మా ఊళ్లో ఏముంది సార్, కరువు తప్ప" అంటారు మా పిల్లలు. ఊరంటే అభిమానం ఎలా కలిగించాలి? రాయలవారి గొప్పలు ఎన్ని చెప్పినా వాళ్లకు ఎక్కడం లేదు.
– ఒక ఉపాధ్యాయుడు, కళ్యాణదుర్గం

జవాబు: పిల్లలు అబద్ధమాడటం లేదు. అనంతపురానికి ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలం తగ్గుతుంది. కాబట్టి కరువును కాదనకండి, కొలవమనండి.

రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, తలకిందులుగా గరాటులా అందులోనే పెట్టండి. సీసా అడుగు గుంతలు గుంతలుగా ఉంటుంది. అక్కడ సిమెంటు పోసి చదును చేసి, దాని పై అంచు నుంచి సున్నా మొదలుపెట్టి స్కేలు అతికించాలి. ఇది మరిచిపోతే చిన్న వానల లెక్కంతా తప్పుతుంది. గోడకు, చెట్టుకు వాటి ఎత్తుకు రెండింతల దూరంలో, కదలకుండా రాళ్ల మధ్య పెట్టండి. రోజూ పొద్దున 8:30కు చూసి నీళ్లు పారబోయాలి. వాతావరణ శాఖ కొలిచే వేళ కూడా అదే. 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితేనే వానరోజు కింద లెక్క. వాన లేని రోజు కూడా సున్నా రాయాల్సిందే. చాలా బళ్లలో ఈ పని ఆగిపోయేది ఆ సున్నాల దగ్గరే. ఇద్దరిద్దరికి వారం చొప్పున వంతు వేయండి, సెలవుల్లో బడి పక్కింటి పిల్లలు చూస్తారు.

ఆ అంకెల మీద లెక్కలు చేయించండి. 60 చదరపు మీటర్ల బడి కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 1,200 లీటర్లు. ఏడాదికి 33,000. ఇంత నీళ్లు ఎటు పోతున్నాయని అడిగేది అప్పుడు పిల్లలే.

ఇక్కడ గొప్ప కథ కావాలంటే పోరుమామిళ్ల చెరువు శాసనం చెప్పండి. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు కడప సీమలో చెరువు కట్టించి వేయించిన శాసనం అది. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి 100 బండ్లు, రెండేళ్ల పని. చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు మధ్యలో మెరక, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువవడం ఆ దోషాల్లోవే. ఈ నాలుగూ పలక మీద రాసుకుని పిల్లల్ని మీ ఊరి చెరువు దగ్గరికి తీసుకుపోండి. కట్ట పొడవు తాడుతో కొలవాలి, తూము ఎక్కడుందో, మరవ (మిగులు నీళ్లు పోయే దారి) ఎక్కడుందో పటం గీయాలి, ఎక్కడ పూడిక చేరిందో గుర్తు పెట్టాలి. వానలేని నేల మీద నీళ్లు నిలపడంలో ఇంత తెలివి చూపిన సీమ మనది. రాజుల పేర్లు వల్లించిన పిల్లలకంటే, కట్ట మీద నడిచి దోషం పట్టుకున్న పిల్లలకే ఈ ఊరు తమదనిపిస్తుందని నా గట్టి నమ్మకం.

దగ్గర్లో చూపాల్సినవి ఇంకా ఉన్నాయి. గుత్తి నుంచి పత్తికొండ దారిలో ఎర్రగుడి అశోకుని శాసనాలున్నాయి. తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటైన రేనాటి చోళుల కలమళ్ల శాసనం ఎర్రగుంట్ల దగ్గరిది. ఒక ఏడాదికి ఒక్కచోటు చాలు, పోకముందు రెండు పీరియడ్లు, వచ్చాక రెండు పీరియడ్లు పని ఉండాలి. లేకపోతే అది సెల్ఫీల విహారం అయిపోతుంది.

ప్రశ్న: మా అక్క కూతురికి 16 ఏళ్లు. పదిలో రెండు సబ్జెక్టులు తప్పింది. చదువు మాన్పించి సంబంధాలు చూస్తున్నారు.
– ఒక పాఠకురాలు, కోడుమూరు

జవాబు: ముందు పెళ్లి మాట ఆగాలి. 18 ఏళ్లు నిండకుండా చేయడం 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం. ఇంట్లో మాట చెల్లకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి, చెప్పినవాళ్ల పేరు బయటపెట్టరు. కానీ అంతకంటే ముందు హెడ్‌మాస్టరును, మీ బావ మాట వినే పెద్దమనిషిని కలిపి ఇంటికి తీసుకుపోండి. సప్లిమెంటరీలో తప్పిన రెండు సబ్జెక్టులే రాయాలి, మిగతావి అలాగే ఉంటాయి. ఇది తెలియక చాలా ఇళ్లలో "మళ్లీ పదంతా చదవాలా" అని వదిలేస్తారు. ఫీజు గడువు ఫలితాలొచ్చిన కొద్దిరోజులకే ముగుస్తుంది, ఫలితాల మర్నాడే బడికి పోండి. అదీ దాటిపోతే సార్వత్రిక పాఠశాల ద్వారా పది రాయొచ్చు. పాసయ్యాక ఇంటర్ ఉన్న కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో ఉండి చదువుకోవచ్చు, ఖర్చు లేదు.

ప్రశ్న: మా బడిలో చదివి బెంగళూరు, హైదరాబాదుల్లో స్థిరపడినవాళ్లు బడికి ఏదైనా చేస్తామంటున్నారు. ఏం అడగాలి?
– ఒక ప్రధానోపాధ్యాయుడు, ప్రొద్దుటూరు ప్రాంతం

జవాబు: ముఖద్వారం, పేర్ల శిలాఫలకం వద్దనండి. పదో తరగతి పిల్లలు సాయంత్రం స్టడీ అవర్‌లో ఆకలితో కూర్చుంటారు, ఆ ఖర్చు అడగండి. 40 మందికి తలా 30 గ్రాముల వేయించిన శనక్కాయ పప్పు, 10 గ్రాముల బెల్లం అనుకుంటే, 60 రోజులకు 72 కిలోల పప్పు, 24 కిలోల బెల్లం సరిపోతాయి. పప్పు ఒకేసారి కొనొద్దు, ఎండకు ముక్కిపోతుంది. పక్షానికోసారి కొనండి. శనక్కాయ పడని పిల్లలెవరో ముందే కనుక్కోండి. తర్వాత అడగాల్సింది మరుగుదొడ్లకు నీళ్ల మోటారు, దాని రిపేరు ఖర్చు. కట్టించేవాళ్లు దొరుకుతారు, నడిపించేవాళ్లే దొరకరు. డబ్బు ఎవరి సొంత ఖాతాలోకీ రాకూడదు. తల్లిదండ్రుల కమిటీలో తీర్మానం రాసి, బడి ఖాతాలో వేయించి, నెలనెలా లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి. దాని ఫొటో పాత విద్యార్థులకు పంపితే మరుసటి ఏడాది మీరు అడగక్కర్లేకుండానే పంపుతారు.