గెడ్డ ఎటు పోతుందో ముందు చూడండి

(పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నంలో ఉంటున్న ఒక రిటైర్డ్ రోడ్ల ఇంజినీరు జవాబులు)

ప్రశ్న: ఇంజినీరు గారూ, మా ఊరు విశాఖ నుంచి బస్సులో గంట దూరం. మా ఊరి మధ్య నుంచి పోయే రెండు వరుసల జాతీయ రహదారిని నాలుగు వరుసలు చేస్తారట. ముప్పై కిలోమీటర్ల లోపు పని. సర్వే వాళ్ళు పంచాయతీ ఆఫీసులో మూడు గీతల మ్యాపు చూపించారు. ఎర్ర గీత ఇప్పుడున్న రోడ్డే. దానికి ముప్పై ఇళ్ళు, ఒకే వరుసలో ఉన్న పాత చింతచెట్లు పోతాయి. నీలం గీత చెరువు కింద పొలాల్లోంచి. పచ్చ గీత కొండవార నుంచి. చెట్లు లెక్కపెట్టి, అన్నిటికంటే తక్కువ పోయేది నీలం గీతకే కాబట్టి పర్యావరణానికి అదే మంచిదని తేల్చారు. రోడ్డు పక్క కిరాణా కొట్టు ఉన్న మా అన్నయ్య కూడా అదే అంటున్నాడు. నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర ఆ పల్లంలోనే ఉంది. నా స్వార్థంతో అడ్డుపడుతున్నానని ఇంట్లో అందరూ అంటున్నారు. నిజంగా చెరువు వైపు మంచిదేనా? (పేరు రాయవద్దన్నారు)

జవాబు: అమ్మా, మీరు ఉత్తరంతో పంపిన మ్యాపు ఫొటో రెండు రోజులు నా బల్ల మీదే ఉంది. చెట్ల లెక్కలో తప్పు లేదు, కానీ ఆ లెక్కలో ఒక్క చెట్టూ లేని వరి మడి సున్నా కింద పడింది. చెట్టుకైతే సున్నం పూసి నంబరు వెయ్యొచ్చు, నీళ్ళకి ఎక్కడ వేస్తాం? అందుకని నీళ్ళు ఎవరి లెక్కలోకీ రాకుండా పోతాయి.

ఇది నేను చేసిన తప్పు నుంచి చెబుతున్నాను. 1980ల చివర్లో, ఉద్యోగంలో కొత్త. ఒక పల్లె పక్క నుంచి మూడు కిలోమీటర్ల కొత్త రోడ్డుకి నేనే సర్వే చేశాను. ఏప్రిల్ నెల. పొలాల మధ్య గెడ్డ, అంటే చిన్న వాగు, పూర్తిగా ఎండిపోయి, చక్రాల గాళ్ళు పడి అచ్చం బండిదారిలా ఉంది. నా లెవెల్ బుక్కులో కూడా 'బండిదారి' అనే రాసుకున్నాను. అక్కడ రెండడుగుల తూము ఒకటి పడేసి కట్ట పోసేశాం. ఆ అక్టోబరులో వాయుగుండం పట్టింది. కట్టకి ఎగువన మూడు రోజులు నీళ్ళు కదల్లేదు. పొట్ట మీదున్న వరి. నాలుగో రోజు ఒక ముసలావిడ మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, కుళ్ళిన వరి దుబ్బు ఒకటి మా జీపు బానెట్ మీద పెట్టి, "వాసన చూడు బాబూ" అంది. ఒక్క మాట తిట్టలేదు. తర్వాత రోడ్డు తవ్వి అక్కడ మూడు ఖానాల కల్వర్టు కట్టారు. ఆ ఏడాది పంట మాత్రం పోయింది.

కాబట్టి ఆ మ్యాపు పట్టుకుని ముందు గట్టు ఎక్కండి. నీలం గీత చెరువు గట్టుకి పైన పోతుందా, కింద పోతుందా? పైన అయితే చెరువుకి నీరు తెచ్చే వాగుల్ని కోస్తుంది. కింద అయితే మదుము (చెరువు తూము) నుంచి వచ్చే పంట కాలవల్నీ, చెరువు నిండాక అలుగు మీదుగా పొర్లే నీరు పోయే గెడ్డనీ కోస్తుంది. మీది కింద. ఒక్క పిల్ల కాలవ తెగినా దాని దిగువ మడులన్నీ మెట్టకి దిగిపోతాయి. వాటికి నష్టపరిహారం రాదు, ఎందుకంటే వాటిలో అడుగు నేల కూడా రోడ్డుకి పోలేదు. ఆ మడుల రైతులు మీ అన్నయ్య లెక్కలోనూ లేరు, సర్వే వాళ్ళ లెక్కలోనూ లేరు. మీది స్వార్థమే అనుకుందాం. స్వార్థం ఉన్నవాళ్ళే కదా గట్టు మీదకి వెళ్ళి చూసేది!

పచ్చ గీత సంగతి. మన తూర్పు కనుమల కొండలు చాలావరకు ఖొండలైటు రాయి. ఎండా వానా తగిలి పైన మెత్తబడి ఎర్రమట్టిలా అయిపోయి ఉంటుంది. కొండ పాదాన్ని నిలువుగా కోస్తే మొదటి గట్టి వానకే ఆ మట్టి జారి, ఎర్రటి బురదనీళ్ళుగా వచ్చి మీ చెరువులోనే పడుతుంది. రిజర్వు ఫారెస్టు హద్దు తగిలితే పని ఎంత చిన్నదైనా అటవీ అనుమతి వేరే తీసుకోవాలి. జంతువుల సంగతి కూడా ఉంది. విశాఖలో జాతీయ రహదారిని ఆనుకునే కంబాలకొండ అభయారణ్యం ఉంది, సుమారు 70 చదరపు కిలోమీటర్లు, అందులో చిరుతలున్నాయి. కొండకీ నీటికీ మధ్య రోడ్డు పడితే, రాత్రి నీళ్ళకి దిగే జంతువు రోడ్డు దాటక తప్పదు. అందుకని పచ్చ గీత కావాలనేవాళ్ళని అండర్‌పాస్ ఎక్కడని అడగండి.

ఇక మ్యాపులో కనబడని కొండ ఒకటుంది. ఏ కొత్త గీతకైనా కట్ట పోయాలి. పైన 25 మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు, పక్కలు ఒకటికి రెండు వాలు అనుకుంటే కిలోమీటరుకి 58,000 ఘనపు మీటర్ల మట్టి. పద్నాలుగు ఘనపు మీటర్ల టిప్పరైతే నాలుగు వేల ట్రిప్పులకు పైనే. అదీ ఒక్క కిలోమీటరుకి! ఆ గ్రావెల్ ఏ కొండని తవ్వి తెస్తారు, ఆ టిప్పర్లు ఏ ఊరి బడి ముందు నుంచి తిరుగుతాయి? మీ మీటింగులో ఎవరూ అడిగి ఉండరు. థర్మల్ కేంద్రాలకు 300 కిలోమీటర్ల లోపు రోడ్డు కట్టలకు ఫ్లై యాష్ (బొగ్గు మండాక మిగిలే బూడిద) వాడాలన్న నిబంధన ఉంది. పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రం బూడిద మనకి దగ్గరే. దాంతో కొండ కొంత మిగులుతుంది. అయితే చెరువు పక్కన బూడిద కట్ట అంటే చుట్టూ మట్టి కవరు గట్టిగా ఉండాలి. నేనైతే పల్లంలో దాన్ని ఒప్పుకోను.

నేల కూడా లెక్కేసుకోండి. కొత్త బైపాస్‌కి 60 మీటర్ల వెడల్పు తీసుకుంటే కిలోమీటరుకి ఆరు హెక్టార్లు, అంటే దాదాపు 15 ఎకరాలు. పోయేది అంతటితో ఆగదు. లారీలు నగరంలోకి రాకుండా ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి వెళ్ళే ఆరు వరుసల రోడ్డు, సుమారు 50 కిలోమీటర్లది, ఒకసారి బస్సు కిటికీ పక్క కూర్చుని చూడండి. పొలాల్లో లేఅవుట్ రాళ్ళు, రంగు జెండాలు కనబడతాయి. రోడ్డు పనికొచ్చేదే, కాదనను. కానీ కొత్త గీత ఎక్కడ పడితే దాని పక్క పొలం పదేళ్ళలో పొలంగా మిగలదు. పాత రోడ్డు పక్క ఆ నష్టం ఎప్పుడో జరిగిపోయింది. అందుకే ఊరు లేని చోట పాత రోడ్డునే వెడల్పు చెయ్యమని నా ఓటు.

మరి ముప్పై ఇళ్ళు? ఇక్కడే ఆ మ్యాపు గీసినవాళ్ళు బద్ధకించారనిపిస్తోంది. రోడ్డును మధ్య గీత నుంచి రెండు వైపులా సమానంగానే పెంచాలని రూలేమీ లేదు. చింతచెట్లు ఒకే వరుసలో ఉన్నాయని రాశారు కదా, వాటిని డివైడరులో ఉంచి, అవతలి పక్క కొత్త రెండు వరుసలు వేసుకోవచ్చు. దానికి స్పీడు తగ్గించాలి, చెట్ల ముందు రక్షణ కంచె పెట్టాలి. ఊరి ముక్క వరకు మాత్రం, కిలోమీటరున్నరో రెండో, జీడితోటల మెట్ట మీదుగా చిన్న చుట్టు తిప్పి మళ్ళీ పాత రోడ్డులో కలిపేయొచ్చు. అంటే మీరు అడగాల్సింది నాలుగో గీత. మీ ఫొటోలో ఊరికి పడమర మెట్ట ఖాళీగానే కనబడుతోంది. జీడితోటల వాళ్ళు నన్ను తిడతారు, తెలుసు. జీడిమొక్క మళ్ళీ వేసుకోవచ్చు, చెరువు కింద పల్లాన్ని ఇంకోచోట తయారు చెయ్యలేం.

ఈ మార్గాల ఎంపికకి ఆఫీసుల్లో ఒక పట్టిక వేస్తారు. ఖర్చుకి ఇన్ని మార్కులు, ఇళ్ళకి ఇన్ని, అడవికి ఇన్ని, నీటికి ఇన్ని. చివర్లో కూడితే ఒక గీత ఫస్ట్ వస్తుంది. చూడ్డానికి పదో తరగతి మార్కుల లిస్టంత నిజాయితీగా ఉంటుంది. నేను అలాంటి పట్టికలు చాలా వేశాను. ఒకసారి పై అధికారి ఒకాయన ఏమీ అనకుండా నీటి గడిలో పదిని ఐదు చేసి, ఖర్చు గడిలో ఐదు కలిపి, "ఇప్పుడు కూడు" అన్నారు. గీత మారిపోయింది. అందుకని మీ ఊరివాళ్ళు ఫలితం అడగొద్దు, ఏ గడికి ఎన్ని మార్కులు పెట్టారో, ఎందుకు పెట్టారో రాతపూర్వకంగా అడగండి. 'రోడ్డు ఇలాగే ఉంచితే' అన్న వరుస కూడా ఆ పట్టికలో ఉండాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

పబ్లిక్ హియరింగ్‌లో, అంటే ప్రజాభిప్రాయ సేకరణ సభలో, మాట్లాడదాం అనుకుంటున్నట్టున్నారు. అక్కడ జాగ్రత్త. పర్యావరణ ప్రభావ అంచనాకి 2006 నోటిఫికేషన్ ఉంది. దాని ప్రకారం నివేదికలో ప్రత్యామ్నాయాల విశ్లేషణకి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉండాలి. 30 రోజుల ముందు ప్రకటించి, కలెక్టరో ఆయన తరఫు అధికారో అధ్యక్షతన సభ పెట్టాలి. సభలో చెప్పినదంతా వీడియో తియ్యాలి. మినిట్స్ అక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి. బాగుంది కదా. అయితే 2013 సవరణ తర్వాత, ఉన్న జాతీయ రహదారిని పెంచే పని 100 కిలోమీటర్లు దాటి, పాత దారి వెంట 40 మీటర్లకు మించి, మళ్ళింపులూ బైపాస్‌ల దగ్గర 60 మీటర్లకు మించి అదనపు భూమి తీసుకుంటేనే పర్యావరణ అనుమతి, దానికోసం ఈ హియరింగ్ కావాలి. మీది ముప్పై లోపు. ఆ హియరింగ్ మీ ఊరికి రాకపోవచ్చు. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే బండి వెళ్ళిపోతుంది.

మీకు చట్టంలో కచ్చితంగా దొరికే తలుపు జాతీయ రహదారుల చట్టం, 1956. అందులో సెక్షన్ 3ఎ కింద భూమి తీసుకుంటామన్న నోటిఫికేషన్ గెజిట్‌లో వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లో సెక్షన్ 3సి కింద అభ్యంతరం రాసివ్వొచ్చు. విచారణకి పిలుస్తారు, రసీదు తీసుకోండి. కానీ ఆపాటికి గీత దాదాపు ఖాయమై ఉంటుంది. గీత ఇంకా పెన్సిల్‌తో ఉన్నది ఇప్పుడే. గ్రామసభ తీర్మానం ఈ నెలలోనే చేయించండి.

దాంతోపాటు ఒక పని. పర్యావరణ నివేదికలకి నమూనాలు సాధారణంగా వర్షాకాలం వదిలేసి మిగతా ఏదో ఒక సీజన్‌లో తీస్తారు. దుమ్ము కొలవడానికి అవి సరైన రోజులే. గెడ్డ మాత్రం అప్పుడు ఉండదు. ఈసారి గట్టి వాన పడినప్పుడు కుర్రాళ్ళని పంపి, నీరు ఎంత ఎత్తుకి వచ్చిందో కరెంటు స్తంభాలకి రంగుతో గీత పెట్టించండి. పక్కన మనిషిని నిలబెట్టి ఫొటో తీయించి, తేదీ రాయించండి. నా సర్వీసులో ఊరివాళ్ళు ఇచ్చిన అర్జీలు ఫైల్లో పడుకోవడం చాలాసార్లు చూశాను. స్తంభం మీద రంగు గీతని మాత్రం ఏ డిజైన్ ఇంజినీరూ పక్కన పెట్టలేడు. పెడితే రేపు కల్వర్టు కొట్టుకుపోయినప్పుడు ఆ ఫొటోయే బయటికొస్తుంది.

మీ అన్నయ్యని కూడా గట్టు మీదకి తీసుకెళ్ళండి. నేను చెప్పిన చిన్న బైపాస్ పడితే కొట్టు బేరం తగ్గుతుందని ఆయన టెన్షన్ పడొచ్చు. కానీ నీలం గీత పడినా లారీ ఆయన కొట్టు ముందు ఆగదు. అది ఇంకా దూరం.

ప్రశ్న: విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు ఇంకాస్త వెడల్పు చేస్తే ఎర్రమట్టి దిబ్బలకి ఏమవుతుంది? దిబ్బల్ని ముట్టుకోకుండా పక్క నుంచే కదా వేసేది? (మధురవాడ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: బాబూ, ఓ వాన వెలిసిన రోజు అక్కడికి వెళ్ళి, గోడలా నిలబడ్డ ఎర్ర ఇసుకని వేలితో గీకి చూడు. రాలిపోతుంది. సముద్రం వెనక్కీ ముందుకీ జరిగిన వేల ఏళ్ళలో గాలి తెచ్చి పోసిన ఇసుక అది, ఎర్రటి ఇనుప ఆక్సైడు పూత పట్టి కాస్త అంటుకుని ఉందంతే. ఆ లోయలన్నీ వాననీరు కోసినవే. పక్కన తారు రోడ్డు వెడల్పైతే అంత మేరా నేలలో ఇంకాల్సిన వాన ఒక్కసారిగా పక్కకి పరుగెడుతుంది. ఆ సైడు కాలవని దిబ్బల వైపు వదిలారంటే, వందల ఏళ్ళకి పడాల్సిన గాడి కొద్ది వర్షాకాలాల్లోనే పడుతుంది. బుల్‌డోజరు అక్కర్లేదు.

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. తీర నియంత్రణ నిబంధనల్లో ఇసుక దిబ్బలు, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లు అత్యంత సున్నితమైన మొదటి తరగతిలో ఉన్నాయి. మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వస్తాయని నీకు తెలిసే ఉంటుంది. రోడ్డు దీపాలు సముద్రం వైపు వెలుగు చిమ్మితే, గుడ్డు పగిలి వచ్చిన పిల్ల నీళ్ళనుకుని రోడ్డెక్కుతుంది. మంచి రోడ్డంటే అక్కడ దీపానికి గొడుగు ఉండాలి, కాలవ వాలు దిబ్బలకి ఎదురు వైపుకి ఉండాలి. వెడల్పు గురించి ఆ తర్వాతే మాట్లాడుకోవాలి.

ప్రశ్న: రోడ్డుకి అడ్డొచ్చిన పెద్ద చెట్లని పీకి వేరేచోట నాటుతున్నారు. బతుకుతాయా? (గాజువాక)

జవాబు: మర్రి, రావి అయితే ఆశ ఉంది. ముదిరిన చింత, మామిడి అనుమానమే. కొమ్మలు కొట్టి, వేర్ల చుట్టూ కొన్ని వారాల ముందే కందకం తవ్వి, కొత్త పిల్లవేర్లు వచ్చాక మట్టి ముద్దతో సహా క్రేనుతో ఎత్తాలి. పొద్దున జేసీబీతో పెకిలించి సాయంత్రం గోతిలో నిలబెట్టేది తరలింపు కిందకి రాదు. చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. అందులో పెట్టిన షరతుల కాపీ అడిగి తీసుకోండి. తరలింపు పని టెండరు కూడా చూడండి, నీళ్ళ ట్యాంకరు ఎన్ని ఎండాకాలాలకి రాశారో. కనీసం రెండు ఉండాలి. నేను ఈమధ్య చూసిన ఒకదాంట్లో ఒక్కటే ఉంది, అదీ మార్చి నెలాఖరు వరకు.